గోడకు ముందు గొయ్యి: ఎస్.కోట కొండవాలులో మట్టి పరీక్ష, నా అనుభవం

మూడున్నర మీటర్ల గోడ కట్టడానికి భూమిలోకి పది మీటర్లు దింపి చూడాలంటే మా వరసలో ఎవరికీ మింగుడుపడలేదు. "మట్టి పరీచ్చ మేడలకి సేయిస్తారండి మేడంగారూ, గోడకి ఏటండి?" అన్నాడు మేస్త్రీ. "మూడడుగులు పునాది తీసి, నల్లరాయి ఏసి కట్టీసేవంటే మీ మనవల దాకా కదల్దు." చెయ్యి తిరిగిన మనిషి. మా లేఅవుట్లో సగం ఇళ్లు అతను కట్టినవే, ఒక్కటీ బీటివ్వలేదు. అతని మాట తీసిపారేయడానికి లేదు. కానీ ఆ మూడడుగుల పునాది సరిగ్గా ఎక్కడ కూర్చునేదో తర్వాత తెలిసింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా ఇళ్లు విజయనగరం జిల్లా ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక అరకు వెళ్లే వైపు, కొండ మొదట్లో ఉన్నాయి. లేఅవుట్ వేసినాయన కొండ కాలును పదకొండడుగుల మేర దాదాపు నిలువుగా కోసి, కింద ఆరు సైట్లు, పైన అయిదు సైట్లు తీశాడు. కింది వరసలో రెండోది మాది. పెరట్లోంచి తలెత్తితే ఎర్రటి కోత, దాని మీద పైవాళ్ల ప్రహరీ. ఇదే కొండల్లోంచి పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో వానాకాలం వచ్చిందంటే కొండచరియలు పడి రైళ్లు ఆగడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. "అది ఘాటులో కదా, మనది కింద కదా" అనుకుంటూ ఉంటాం.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మర్నాడంతా జిల్లాలో కుంభవృష్టి. ఆ వానలో మా కోత చెక్కుచెదరలేదు. వాన తెరిపిచ్చి, ఎండ కాసి, బరకాలు తీసి ఆరేసుకున్నాక, ఒక మధ్యాహ్నం మా ఇంటికీ మూడో ఇంటికీ మధ్య మట్టి కూలింది. బట్టలుతికే బండ, గోలెం దాని కిందికి పోయాయి. మనుషులెవరూ లేరు, అది మా అదృష్టం. వానలో పడనిది ఎండలో ఎందుకు పడిందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి చాన్నాళ్లు పట్టింది.

మా బళ్లో లెక్కల మాస్టారి తమ్ముడి ద్వారా విశాఖలో ఒక భూసాంకేతిక ఇంజనీరు దొరికాడు. ఆయన ఫోన్లోనే చెప్పిన మొదటి మాట: "పడిన మట్టిని ఎత్తించకండి." మేం అప్పటికే జేసీబీకి కబురు పెట్టి ఉన్నాం. పైనుంచి జారాలని చూస్తున్న దానికి కిందపడిన ఆ కుప్పే ఇప్పుడు అడ్డు, దాన్ని తీసేస్తే మిగతాది దిగుతుంది అన్నాడు. కుప్ప మీద, పైనున్న అంచు మీద బరకాలు కప్పి, ఇసుక బస్తాలు పెట్టి వాన నీరు లోపలికి దిగకుండా చూడమన్నాడు. పెరట్లో ఎవర్నీ తిరగనివ్వొద్దని, ఆ వైపు గదుల్లో పడుకోవద్దని కూడా. ఇలాంటి చోట ఉన్నవాళ్లకు గోడ సంగతి ఎలా ఉన్నా ఈ నాలుగూ వెంటనే పనికొస్తాయి.

వచ్చినప్పుడు ఆయన కూలిన చోటు చూస్తాడనుకున్నాం. నిమిషం చూశాడు. తర్వాత పైకి ఎక్కాడు, పై వరస ఇళ్లు దాటి, జీడి తోట దాకా. ఆయన వెనకే మేం. ప్రతి చోటా ఆగి ఏదో ఒకటి చూపించడం. పై ఇంటి ప్రహరీ వెనకాల ఎండుటాకుల కింద ఒక చీలిక, రెండు వేళ్లు దూరేంత, కొండకు అడ్డంగా, దాదాపు మా మూడిళ్ల పొడవునా. ఆకులు తీసేదాకా ఆ ఇంటాయనకే తెలియదు. దానికి అటొక మేకు ఇటొక మేకు దిగ్గొట్టి, మధ్య దూరం కొలిచి నాకు రాసిచ్చాడు, వారం వారం కొలవమని. వాలు మధ్యలో ఒకచోట చుట్టూ గడ్డి ఎండిపోయి ఉంటే జానెడు మేర తుంగ పచ్చగా ఉంది. తుంగ ఉందంటే అడుగున తడి ఉన్నట్టే కదా, అది చిన్నపిల్లలకీ తెలుసు. కానీ నేను రోజూ కిటికీలోంచి చూస్తున్న తుంగ అది. వేప మొదలు కిందికి వంగి, ఆ తర్వాత నిటారుగా లేచింది. అదొక్కటే అయితే లెక్కలోకి తీసుకోను, చెట్లు వెలుతురు కోసం కూడా వంగుతాయి, కానీ చీలిక, తుంగ, వేప ఒకే గీత మీద ఉన్నాయి అన్నాడు ఇంజనీరుగారు.

ఊళ్లో ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి లేఅవుట్ పడకముందు కొండ ఎలా ఉండేదని అడిగాడు. "గెడ్డ ఉండీది బాబూ. ఈ మేడంగారి ఇంటికీ ఆ పక్కింటికీ మద్దిలోంచి దిగీది. పశువులకి అక్కడే నీళ్లు పట్టీవోళ్లం." సచివాలయంలో సర్వేయరు దగ్గర రెవెన్యూ గ్రామ పటం తీయిస్తే ఆ గెడ్డ (కొండవాగు) గీత అందులోనూ ఉంది, సన్నగా, సరిగ్గా మట్టి కూలిన చోటికే. లేఅవుట్ ప్లానులో మాత్రం లేదు. పూడ్చేశారు. నీళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఇంత చూశాక కూడా ఆయన గోడ ఎలా కట్టాలో చెప్పలేదు. పైన ఒక బోరు, కింద మా పెరట్లో ఒక బోరు, రెండు పరీక్ష గోతులు, రెండు బోర్లలోనూ నీటిమట్టం చూసే గొట్టాలు: ఇవీ కావాలన్నాడు. ఖర్చు ఆరిళ్లూ పంచుకోవాలి. మేస్త్రీ ఇచ్చిన గోడ అంచనాలో ఇంచుమించు ఎనిమిదో వంతు. ఆరో ఇంటాయన వెంటనే తప్పుకున్నాడు, ఆయన వెనక మట్టి కదల్లేదు మరి. మిగతా అయిదుగురం ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఆ నెల గొడవలు రాయడం అనవసరం, అందరిళ్లలోనూ ఒకటే.

అసలు చిక్కు పై ఇంటి బాబాయ్ గారి దగ్గర. పై బోరు ఆయన స్థలంలో వెయ్యాలి. రిటైరైన రైల్వే ఉద్యోగి, మంచివాడు, కానీ భయం పట్టుకుంది. "బోరు వేశాక తప్పు నాదని తేలితే?" అన్నాడు. నేనేదో సర్దిచెప్పబోతే ఇంజనీరుగారే అందుకుని, "మీ ఇల్లు చీలికకు ఎనిమిదడుగుల దూరంలో ఉంది సార్. వాళ్ల గోడ కన్నా ఈ రిపోర్టు మీకే ఎక్కువ అవసరం" అన్నాడు. బాబాయ్ గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "జామచెట్టు కొట్టకుండా వేసుకోండమ్మా" అన్నాడు.

ముందు గోతులు. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు. మనిషి నడుం లోతు దాటాక పక్కలకు చెక్కలు, అడ్డదుంగలు బిగిస్తే గానీ ఎవర్నీ దిగనివ్వలేదు. కూలివాళ్లు నవ్వారు. రెండు మీటర్ల గోతిలోనూ మనుషులు పూడుకుపోయి చనిపోతారు, ఇదేమో మామూలు పెరటి గొయ్యి కూడా కాదు, కదులుతున్న వాలులో తవ్వేది. పైన తవ్విన గోతిలో అడుగున్నర దాకా మామూలు ఎర్రమట్టి. తర్వాత టైలు ముక్క వచ్చింది. తర్వాత రేకు పెంకులు, షాంపూ ప్యాకెట్టు, ఇటుక రద్దు. అయిదున్నర అడుగులు దాటాక పారకు మెత్తగా నల్లటి పొర తగిలింది, నాలుగు వేళ్ల మందం, కుళ్లిన వేళ్లతో. "ఇదీ మీ అసలు కొండ" అన్నాడు ఇంజనీరుగారు. అంటే ఆ పైనున్నదంతా పై సైట్లు చదును చేసినప్పుడు అంచుకు నెట్టిన మట్టే. పాత నేల మీద గడ్డి కూడా చెక్కకుండా, దిమ్మిస కొట్టకుండా, ఊరికే పోశారు. బాబాయ్ గారి పెరడు, జామచెట్టు, ప్రహరీ అన్నీ ఆ పోసిన మట్టి మీదే ఉన్నాయి. ఆయన గోతి అంచున నిలబడి ఆ షాంపూ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడడం నాకింకా గుర్తు.

పాత నేల కింద మా కొండల మట్టి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. అందులో తాటికల్లు రంగు చారలు, మధ్యమధ్య గార్నెట్ అనే ఎర్రటి గింజలు. ఈ రాయి వానకూ ఎండకూ లక్షల ఏళ్లు నాని కుళ్లుతుంది. కుళ్లినా చారలు అలాగే ఉంటాయి, చూస్తే రాయే అనిపిస్తుంది, చేత్తో నలిపితే పిండి. అందులోని ఫెల్‌స్పార్ మారి తెల్ల సుద్ద అవుతుంది. మనం అరుగులు అలికే సుద్దే. పొడిగా ఉంటే గట్టి, తడిస్తే జారుడు. పొరలు ఏ వైపు వాలి ఉన్నాయన్నది ఇక్కడ ప్రాణం. కొండ లోపలికి వాలి ఉంటే ఫర్వాలేదు. బయటికి, అంటే కోత వైపు వాలి ఉంటే ఒక పొర మీద పొర జారడానికి దారి సిద్ధంగా ఉన్నట్టే. కోత ముఖం మీద ఆయన దిక్సూచి లాంటి పరికరం పెట్టి కొలిచాడు. మా చోట పొరలు మా ఇళ్ల వైపే వాలి ఉన్నాయి.

బోరు బండి పైకి రాలేదు, దారి చాలదు. మూడుకాళ్ల స్టాండు, మోటారు, గొట్టాలు విడదీసి కూలీలు మోసుకెళ్లారు. నీళ్ల బోరు వేసినట్టు గంటల్లో అయిపోయే పని కాదిది. మీటరున్నర దిగిన ప్రతిసారీ ఆపాలి. అడుగున, రెండు సగాలుగా విడిపోయే గొట్టం పెట్టి, 63.5 కిలోల సుత్తిబరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదలాలి. గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పడ్డ దెబ్బలు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలో అదే ఆ లోతులో నేల బలం. దీన్నే ఎస్.పి.టి. (స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్) అంటారు, పద్ధతంతా ఐ.ఎస్. 2131 అనే భారత ప్రమాణంలో ఉంది. తాడు లాగి వదిలేది మనుషులు కాబట్టి మధ్యాహ్నానికి చేతులు అలిసి ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే దెబ్బలు పెరుగుతాయి, కాగితం మీద నేల గట్టిగా కనిపిస్తుంది. ఇంజనీరుగారు రాడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, బరువు ఆ గీత దాకా రాని దెబ్బను కొట్టేశాడు. మా అబ్బాయి పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ పక్కన లెక్కపెట్టాడు. మీరు చేయిస్తే ఒక మనిషిని అక్కడ ఉంచండి. రిపోర్టులో వచ్చే అంకెలన్నీ ఆ చేతుల్లోంచి వచ్చేవే.

మీటరున్నర దగ్గర 4 దెబ్బలు. పోసిన మట్టి మరి. మూడు మీటర్ల దగ్గర 50 దెబ్బలు కొట్టినా గొట్టం నాలుగు వేళ్లు దిగలేదు. "రాయి తగిలీసింది సార్, అయిపోనాది" అని కుర్రాళ్లు తాళ్లు చుట్టేయడం మొదలెట్టారు. మేమూ సంతోషించాం, మూడు మీటర్లకే రాయంటే పని తేలికే కదా. ఆయన ఒప్పుకోలేదు. కొండ మొదట్లో మట్టిలో పైనుంచి దొర్లి పూడుకుపోయిన గుండ్లు ఉంటాయి, గుండుకూ కొండకూ తేడా తెలియాలంటే దాన్ని కోసి అవతలికి వెళ్లాలి అన్నాడు. వజ్రపు పళ్ల బిట్టు బిగించారు. రెండడుగులు రాయి వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారిగా రాడ్డు జర్రున దిగింది. పైకి తిరిగి రావాల్సిన బోరు నీళ్లు రావడం మానేశాయి, లోపల ఎటో పోయాయి. కుర్రాళ్లు నీళ్లు పోస్తూనే ఉన్నారు. ఆయన ఆపించి, లోతు రాసుకుని, ఆ గుండును తప్పించడానికి మీటరు పక్కన మళ్లీ కొత్త బోరు మొదలుపెట్టించాడు. కుర్రాళ్ల మొహాలు చూడాలి. వాళ్లకు మీటర్ల లెక్కన కూలి, పాపం. రెండోసారికి కూడా లెక్క కట్టిస్తామంటే మెత్తబడ్డారు.

రెండో బోరులో మూడు మీటర్లకు 14. నాలుగున్నరకు 6. ఆరుకు 31. ఏడున్నరకు మళ్లీ దిగలేదు, అక్కణ్ణుంచి మూడు మీటర్లు రాయి కోసి ముక్కలు చెక్కపెట్టెలో వరసగా పేర్చారు, ఈసారి అసలు కొండే. లోతుకు వెళ్లే కొద్దీ అంకె పెరగాలి. 14 తర్వాత 6 రావడం అన్నదే మొత్తం కథ. ఆ లోతులో గొట్టం విప్పితే తెల్ల సుద్ద, తడితడిగా. మధ్యలో విరిస్తే ఒక ముఖం నున్నగా, తుడిచిన పళ్లెంలా మెరిసింది. వేలు పెట్టి రాస్తే ఒకే దిక్కుకు సన్నటి గీతలు. అక్కడ నేల ఇంతకుముందే ఒకసారి జారింది, ఎప్పుడన్నది చెప్పలేం కానీ జారింది అన్నాడాయన.

ఆ సుద్ద 4.2 మీటర్ల నుంచి 5.2 మీటర్ల దాకా ఉంది. మా కోత ఎత్తు 3.3 మీటర్లు. ఆయన కాగితం మీద గీత గీసి తీసేస్తే మా పెరటి నేలకు 90 సెంటీమీటర్ల అడుగున సుద్ద మొదలు. తొంభై సెంటీమీటర్లంటే మూడడుగులు. పెరట్లో వేసిన బోరులోనూ అంతే వచ్చింది. మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. కాసేపు ఆ కాగితం చూసి, "అంటే గోడ దాని మీదే కూకునీదన్నమాట" అన్నాడు. అవును. గోడ ఎంత గట్టిదైనా జారే పొర మీద కూర్చుంటే మట్టితో పాటే అదీ నడుస్తుంది, పైగా వందల బస్తాల సిమెంటు బరువుతో.

చెదరని నమూనాలు తీసిన ఇనుప గొట్టాల రెండు కొసలకూ మైనం పోసి మూయాలి, లోపలి తడి ఆరిపోతే పరీక్ష చెల్లదు. మైనం మా గ్యాస్ పొయ్యి మీదే, నా పాత అల్యూమినియం గిన్నెలో కరిగింది. ఆ గిన్నె ఇక వంటకు పనికిరాలేదు. గొట్టాల్ని లారీలో పంపొద్దన్నాడు, కుదుపుకు మట్టి లోపల పగులుతుందట. పాత పరుపు పరిచి కారు వెనకసీట్లో విశాఖ ల్యాబుకు పంపాం.

ల్యాబులో చేసేవి ఐ.ఎస్. 2720 ప్రకారం చాలా ఉన్నాయి. మాకు తేడా చూపించింది కోత బల పరీక్ష (షియర్ టెస్ట్), ఇక్కడ కోత అంటే మట్టి తెగడం. మట్టిని పెట్టెలో పెట్టి, పైన బరువు వేసి, సగం పెట్టెను పక్కకు లాగి ఎంత బలానికి తెగుతుందో చూడ్డం. సుద్దను ఉన్న తడితో చేస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.3 కిలోల అతుకుబలం (మట్టి తనను తాను పట్టుకునే బలం), 28 డిగ్రీల రాపిడి కోణం (ఇది ఎంత ఎక్కువుంటే మట్టి జారడం అంత కష్టం). అదే సుద్దను నీళ్లలో నానబెట్టి చేస్తే 0.08, 22 డిగ్రీలు. ఇక ఆ నున్నటి ముఖం మీద, ఒకసారి జారాక మిగిలే బలం, అతుకు సున్నా, కోణం 17. లెక్క ఏ అంకెతో కట్టాలో అది కట్టేవాడి నిజాయితీ. మొదటి అంకెతో కడితే మా కోతకు గోడే అక్కర్లేదన్నట్టు వస్తుంది. ల్యాబుకు పంపేటప్పుడు "నానబెట్టి చెయ్యండి" అని రాయించి పంపాలి, లేకపోతే చాలాచోట్ల ఉన్న తడితోనే చేసి ఇచ్చేస్తారు.

నీటి గొట్టాలు నా బాధ్యత. బోరులో సన్న చీలికలున్న పి.వి.సి. గొట్టం దించి, చుట్టూ ఇసుక పోసి, పైన నీరు దిగకుండా బెంటొనైటు మట్టితో మూసి, మూత పెట్టారు. టేపు చివర ఒక నట్టు కట్టుకుని పొద్దున్నే బడికి వెళ్లేముందు దించేదాన్ని. నట్టు నీటిని తాకగానే "బుడుక్" మంటుంది, అక్కడ టేపు పట్టుకుని చదవడమే. పక్కన ఆ రోజు వాన ఎంతో రాసుకోవడం. కొన్ని వానలు చూశాక సంగతి అర్థమైంది. వాన పడ్డ రోజు గొట్టంలో నీరు పెద్దగా కదలదు. ఒకటి రెండు రోజుల తర్వాత లేస్తుంది. పైన జీడి తోటలో పడ్డ నీరు కొండలోపల నడిచి మా దాకా రావడానికి అంత సేపు. గులాబ్ వానకు నిలబడ్డ కోత ఎండలో ఎందుకు కూలిందో ఆ పట్టికే చెప్పింది.

ఇంకొకటి కూడా చెప్పింది. ఫిబ్రవరి, మార్చి వచ్చాయి, చినుకు లేదు. కింది గొట్టంలో నీరు దిగిపోయింది. పై గొట్టంలో దిగలేదు. ఆ గొట్టానికి పది అడుగుల్లో బాబాయ్ గారి ఇంకుడు గొయ్యి ఉంది, మరుగుదొడ్డి నీళ్లూ వంటింటి నీళ్లూ అందులోకే. నేను చెప్పలేదు. పట్టిక తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. రైల్వేలో లెక్కలు చూసిన మనిషి, వేలితో నెలలు లెక్కపెట్టుకుంటూ చదివి, "ఇది నాదేనా అమ్మా?" అన్నాడు. ఆయన అల్లుడు ఒప్పుకోలేదు, మాటా మాటా పెరిగింది. చివరికి కింది అయిదిళ్లూ పైపు ఖర్చు పెట్టుకునేలా, ఆయన గొయ్యి మూసి నీళ్లు మూసిన పైపులో లేఅవుట్ మురుగుకాలువకు కలిపేలా తేలింది. తప్పెవరిదన్న మాట ఎవరూ ఎత్తలేదు. పైపు కలిపాక పై గొట్టంలో మట్టం మెల్లగా దిగుతూ వచ్చి, ఏప్రిల్ ఆఖరుకు మీటరుకు పైగా తగ్గింది.

నీటి గురించి ఇంత ఎందుకంటే, ఇంజనీరుగారు వేసి చూపిన ఒక చిన్న లెక్క. మూడు మీటర్ల గోడ వెనక బల్లపరుపుగా పొడి మట్టి ఉంటే, మామూలు గ్రావెల్ అయితే, గోడ ప్రతి మీటరు పొడవు మీదా రెండున్నర టన్నుల పైచిలుకు తోపు. అదే గోడ వెనక పైదాకా నీరు నిలిస్తే అయిదున్నర టన్నులు దాటుతుంది, అందులో నాలుగున్నర దాకా ఒట్టి నీటిదే. మట్టి మారలేదు, గోడ మారలేదు, నీరు చేరింది అంతే. ఊళ్లో గోడలకు రంధ్రాలు పెడతారు కానీ వెనక గులకరాళ్ల పొర, వడపోత బట్ట వెయ్యరు. రెండు వానలకు రంధ్రాలు మట్టితో మూసుకుంటాయి.

చివరికి వచ్చిన ప్లానులో గోడ ఆఖరి పని. మొదట పైన, జీడి తోటకు దిగువన, కొండకు అడ్డంగా సిమెంటు కాలువ, వాన నీరు వాలు మీదికి రాకుండా పక్కనున్న పెద్ద గెడ్డలోకి. చీలికను బంకమట్టితో పూడ్చి దిమ్మిస. తర్వాత అంచున పోసిన మట్టి తీసివేత. కొండ నెత్తిన ఉన్న బరువు దించితే కింద ఆపాల్సింది తగ్గుతుంది. బాబాయ్ గారి ప్రహరీ వెనక్కి జరిగింది. జామచెట్టు పోయింది, ఆయనే దగ్గరుండి కొట్టించాడు. దాంతో గోడ మూడున్నర మీటర్ల నుంచి మూడుకు దిగింది. 2022 ఎండాకాలం ఇదంతా అయింది. గోడ మాత్రం ఆ వానాకాలం ఆగి, నీటిమట్టాలు చూసి మొదలెడదామన్నాడు. మాకు ఓపిక లేదు, అయినా ఆగాం. అక్టోబరు వానల్లో గొట్టాల్లో నీరు ముందటేడంత లేవలేదు. మేకుల మధ్య దూరం మారలేదు.

2023 జనవరిలో గోడ. సుద్దను దాటి, పెరటి నేలకు రెండు మీటర్ల అడుగున ఉన్న గట్టి పొర దాకా పునాది తియ్యాలి. అంత లోతు ఒకేసారి వీధి పొడవునా తీస్తే కొండ కాలు నరికినట్టే. అందుకని మూడేసి మీటర్ల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తీశారు. తీసిన ముక్కలో కాంక్రీటు పోసి అది గట్టిపడ్డాకే పక్క ముక్క. మేస్త్రీ మొదట విసుక్కున్నాడు, ఒక ముక్కలో పక్కమట్టి చెక్కల్ని తోసుకొచ్చాక అతనే "ఒగటిడిసి ఒగటి" అని కేకలేసేవాడు. పునాది దిమ్మ మీద ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపిన గేబియన్ మూడు అంచెలు, ఒక్కోటి మీటరు, ఒక్కో అంచె అరమీటరు వెనక్కి. రాళ్ల మధ్య ఖాళీల్లోంచి నీరు దానంతట అదే పోతుంది. వెనక వడపోత బట్ట. తుంగ మొలిచిన చోట, పాత గెడ్డ దారిలో, కొండలోకి ఆరు మీటర్ల పొడవు చీలికల పైపులు కొద్దిగా పైకి వాల్చి దిగ్గొట్టారు. మొదటి పైపులోంచి జనవరిలో కూడా సన్నటి ధార వచ్చింది. గెడ్డ తన దారి మానలేదు.

ఖర్చు లెక్క అడిగేవాళ్లకు: కాలువ, మట్టి తీత, పైపులు, లోతైన పునాది అన్నీ కలిపితే మేస్త్రీ మొదటి అంచనా కన్నా మూడో వంతు ఎక్కువే అయింది. మట్టి పరీక్ష డబ్బు మిగుల్చుతుందని ఎవరైనా చెబితే నా వరకు అది నిజం కాదు. చవకగా అయ్యే పని కాదని ముందే చెప్పింది, అంతే. కొండ ప్రాంతాల గోడలకు ఐ.ఎస్. 14458, మట్టి పరిశీలనకు ఐ.ఎస్. 1892 ఉన్నాయి. మీ ఇంజనీరు వీటి పేరెత్తకుండా గోడ మందం చెబితే, ఏ లోతు నమూనా మీద, నానబెట్టి చేశారా లేదా అని అడగండి. బోరు ఎక్కడ ఆపారు, గుండు మీదా కొండ మీదా అని కూడా.

ఆరో ఇంటాయన ఇప్పటికీ వాటా ఇవ్వలేదు. ఆయన హద్దు దగ్గర గోడను ఊరికే ఆపేస్తే కొస వెనక నుంచి మట్టి కోసుకుపోతుందని, చివరి రెండు మీటర్లు కొండలోపలికి వంచి ముగించారు. ఆయన వెనకాల కోత అలాగే ఉంది. మొన్నటి వానలకు ఆయన వైపు అంచున కొత్త చీలిక కనిపిస్తే ఫోటో తీసి పంపాను. పడిన మట్టి ఉంటే ఎత్తించొద్దని, ఇంజనీరుగారి నంబరు కావాలా అని అడిగాను. నంబరు పంపమన్నాడు.